మిరపకాయ మీద పడ్డ నింద

రాత్రి రెండు దాటాక నొప్పి నన్ను లేపేది, అలారం పెట్టుకున్నట్టే. బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు కింద, వేలు పెట్టి చూపించగలిగినంత చోట ఏదో కొరుకుతున్నట్టు ఉండేది. లేచి వంటింట్లోకి వెళ్ళి చీకట్లోనే నాలుగు బిస్కెట్లు నమిలి, గ్లాసు పాలు తాగితే పావుగంటలో తగ్గిపోయేది. మళ్ళీ నిద్ర పట్టేది. తింటే తగ్గుతోంది కాబట్టి ఇది ఆకలి నొప్పి అనుకున్నాను. రాత్రి భోజనంలో ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తినడం మొదలుపెట్టాను. నొప్పికి ఆ సంగతేమీ పట్టలేదు, దాని వేళకు అది వచ్చేది.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. పద్దెనిమిదేళ్ళుగా అదే స్టూలు, అదే బల్ల. ఫిబ్రవరి వచ్చిందంటే మే దాకా టిక్కీల (మిరప బస్తాల) లెక్కలు, బేరాలు, కాటాలు, చీటీలు. ఆ నాలుగు నెలలూ టిఫిన్ పదకొండుకి, భోజనం నాలుక్కి. మధ్యలో టీలు ఎన్నో లెక్కపెట్టలేదు. గాలిలోనే కారం ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు తుమ్మి తుమ్మి కళ్ళు తుడుచుకుంటుంటే మేం నవ్వుకుంటాం. అలాంటి చోట పనిచేసేవాడికి కడుపులో మంట అంటే జనం ఏమంటారు? "ఆ ఘాటు ఊరికే పోతుందా?" అన్నారు. మా అమ్మయితే ఇంట్లో కారం డబ్బా దాచేసింది. మూడు నెలలు చప్పిడి కూడు తిన్నాను. పచ్చడి లేని అన్నం ఎంత చప్పగా ఉంటుందో గుంటూరోడికి చెప్పాల్సిన పని లేదు. నొప్పి మాత్రం తగ్గలేదు. కారం దోషం కాదేమో అని అప్పుడే అనుమానించాల్సింది.

మనకి కడుపు బాధ ఏదైనా పేరొకటే, గ్యాస్. ఛాతీలో మంటైనా, పులితేన్పులైనా, కడుపుబ్బరమైనా, వీపులో పట్టేసినా గ్యాసే. పేరు ఒకటే కాబట్టి మందూ ఒకటే. మెడికల్ షాపుకు వెళ్ళి "గ్యాస్ మాత్ర ఇవ్వన్నా" అంటే ఒక పాంటాప్రజోల్ స్ట్రిప్పు చేతిలో పెట్టేవాడు. నేను అన్నం తిన్నాక వేసుకునేవాణ్ణి. వారం వేసుకుని తగ్గితే మానేసేవాణ్ణి, పది రోజులకు మళ్ళీ మొదలు. ఆ మాత్ర పరగడుపున, టిఫిన్‌కి అరగంట ముందు వేసుకుంటేనే సరిగ్గా పనిచేస్తుందన్న ముక్క తెలియడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. వాము, జీలకర్ర నీళ్ళు, మజ్జిగ, సోడా అన్నీ అయ్యాయి. వాటి మీద నాకు కోపం లేదు. మామూలు అజీర్తికి అవి సుఖంగానే ఉంటాయి. నాది మామూలు అజీర్తి కాకపోవడమే చిక్కు.

ఇంకో మాత్ర సంగతి అప్పట్లో నేను ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, అదొక మందని నాకే తోచలేదు. రోజంతా స్టూలు మీద కూర్చుని, నడుమ నడుమ టిక్కీల మధ్య తిరగడం వల్ల మోకాలు, నడుం పట్టేసేవి. సాయంత్రం డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర ఒకటి వేసుకుంటే ఇల్లు చేరేవాణ్ణి. సీజన్‌లో రోజూ, మిగతా రోజుల్లో రెండు మూడు రోజులకొకటి. యార్డులో ముఠా కూలీలు సగం మంది జేబుల్లో అదే మాత్ర ఉంటుంది. అలా నాలుగేళ్ళు. అంటే, పొద్దున గ్యాస్ మాత్రతో ఆర్పుతున్న మంటను సాయంత్రం నొప్పి మాత్రతో నేనే రాజేస్తున్నానన్న మాట.

ఒక రాత్రి నొప్పి మామూలుకంటే పైకి, ఛాతీ దాకా వచ్చింది. చెమటలు పట్టాయి. మా ఆవిడ భయపడి ఆటో పిలిచి దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఈసీజీ తీశారు, రక్తపరీక్ష చేశారు, గుండె బాగానే ఉందన్నారు. "గ్యాసేనండీ" అని ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. గుండె కాదన్న సంతోషంలో, మరి ఇదేమిటని మేమూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. ఆ రాత్రి ఈసీజీకి వెళ్ళడం మాత్రం నూటికి నూరుపాళ్ళు సరైన పనేనని తర్వాత నాకు వైద్యం చేసిన డాక్టరమ్మ అన్నారు. గుండెపోటును గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నవాళ్ళను ఆవిడ చాలామందిని చూశారట.

మార్చి రెండో వారం. యార్డు కిటకిటలాడుతోంది. రెండు రోజులుగా విరేచనం నల్లగా అవుతోంది. నల్లగా అంటే ముదురు గోధుమరంగు కాదు, రోడ్డుకు పోసే తారు. జిగురుగా, నీళ్ళు పోసినా వదలకుండా, వాసన కూడా వేరుగా ఉంది. ఇలాంటివి ఎవరితో చెప్పుకుంటాం? ముందురోజు తిన్న నల్లద్రాక్ష వల్లేమో అని సరిపెట్టుకున్నాను. తమాషా ఏమిటంటే నొప్పి కాస్త తగ్గినట్టు కూడా ఉంది. మూడో రోజు మధ్యాహ్నం చీటీ రాస్తుంటే అంకెలు అలుక్కుపోయాయి. లేచి నిలబడ్డాను, అంతే. కళ్ళు తెరిచేసరికి టిక్కీల పక్కన నేల మీద ఉన్నాను. ముఠా మేస్త్రి నా మొహం మీద నీళ్ళు చల్లుతున్నాడు. "గుమాస్తాగారూ, మొహంలో నెత్తుటి చుక్క లేదండీ" అన్నాడు. ఆయనకు తెలియకుండానే రోగం పేరు చెప్పేశాడు.

ఈసారి జీర్ణకోశ వ్యాధుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ అడిగిన ప్రశ్నలు ఇప్పటికీ గుర్తున్నాయి, ఎందుకంటే రెండేళ్ళలో నన్నెవరూ అవి అడగలేదు. నొప్పి తిన్నాక వస్తుందా, ఖాళీ కడుపునా? నిద్రలోంచి లేపుతుందా? బరువు తగ్గారా? మింగేటప్పుడు ఏమైనా అడ్డుపడుతోందా? వాంతిలో కాఫీ పొడి లాంటిది పడిందా? మలం ఏ రంగు? చివరి దానికి నేను నసుగుతుంటే మా ఆవిడ వైపు తిరిగారు. మా ఆవిడకూ తెలియదు. "నల్లగా, తారులా..." అన్నాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టారు. "నొప్పి మాత్రలు ఏమైనా వాడతారా?" మోకాలి మాత్ర సంగతి అప్పుడు బయటపడింది.

హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. మగవాడికి 13 పైన ఉండాలి. నల్ల విరేచనం అంటే లోపల ఎక్కడో పైభాగంలో రక్తం కారుతోందని, ఆ రక్తం పేగుల్లో ప్రయాణం చేసి జీర్ణమై నల్లబడుతుందని చెప్పారు. ఇలాంటప్పుడు మామూలుగా 7 కంటే పడిపోతే రక్తం ఎక్కిస్తారట, నాకు అవసరం రాలేదు. ఆ రాత్రే చేర్చుకుని సెలైన్, యాసిడ్ తగ్గించే ఇంజెక్షన్ పెట్టారు. మర్నాడు పొద్దున ఎండోస్కోపీ.

ఎండోస్కోపీ అంటే నాకున్న భయం అంతా ఇంతా కాదు. గొట్టం మింగడమనే మాటే చాలు. రాత్రి నుంచి ఏమీ తిననివ్వలేదు. పొద్దున గొంతులో చేదుగా ఏదో స్ప్రే కొట్టారు. రెండు నిమిషాల్లో గొంతు మొద్దుబారింది, ఉమ్ము మింగుతున్నానో లేదో కూడా తెలియడం లేదు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టారు. మత్తు కావాలంటే ఇస్తామన్నారు, వద్దన్నాను. ఆ వీరత్వం ఎందుకో నాకే తెలియదు. గొట్టం చిటికెన వేలంత లావే. గొంతు దాటేటప్పుడు ఒక్కసారి బలంగా డోకు వచ్చింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ముక్కుతో గాలి పీల్చండి, మింగకండి, చొంగ కారితే కారనివ్వండి" అని సిస్టర్ భుజం మీద చెయ్యి వేసి చెబుతూనే ఉంది. ఆ చెయ్యి లేకపోతే గొట్టం పీకేసి ఉండేవాణ్ణి. కడుపు ఉబ్బింది, పెద్ద పెద్ద తేన్పులు వచ్చాయి. ఏడెనిమిది నిమిషాల్లో అయిపోయింది. పన్ను పీకించుకోవడంకంటే తేలిక అని చెప్పను గానీ, రెండేళ్ళు భయపడాల్సినంత ఏమీ లేదు. రెండోసారి చేయించుకోవాల్సి వస్తే మాత్రం మత్తు తీసుకుంటాను.

జీర్ణాశయం దాటి చిన్నపేగు మొదలయ్యే చోట పుండు ఉంది. డుయోడినల్ అల్సర్ అన్నారు. రంగు ఫోటో చూపించారు. లేత గులాబీ గోడ మీద తెల్లటి గుంట, చుట్టూ ఎర్రటి అంచు. అప్పటికి రక్తం ఆగిపోయింది, అడుగు శుభ్రంగా ఉంది, మళ్ళీ కారే ప్రమాదం తక్కువ అన్నారు. పుండు అక్కడ ఉన్నవాళ్ళకు తరచుగా ఖాళీ కడుపున, రాత్రిపూట నొప్పి వస్తుందట. తింటే కాసేపు తగ్గుతుంది. జీర్ణాశయంలోనే పుండు ఉంటే తిన్నాక నొప్పి పెరగడం ఎక్కువ. నా రెండింటి అలారం అర్థం అప్పుడు తెలిసింది. నేను దానికి బిస్కెట్లు, పాలు లంచం పెడుతూ వచ్చాను. పాలు కాసేపు మంటను అణిచినా, ఆ తర్వాత యాసిడ్‌ను ఇంకా ఊరిస్తాయట.

గొట్టంతోపాటే లోపల్నించి గింజంత ముక్క గిల్లి తీశారు. దాన్ని పసుపుపచ్చగా ఉన్న చిన్న బిళ్ళ లాంటి దాంట్లో పెట్టారు. అరగంట తర్వాత అది గులాబీ రంగుకు మారింది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది కదా, లెక్క దాదాపు అదే. హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా జీర్ణాశయంలో కాపురం ఉంటుంది. అంత యాసిడ్‌లో చావకుండా ఉండడానికి అది తన చుట్టూ అమ్మోనియా తయారుచేసుకుంటుంది. ఆ గుణం తగిలే ఆ బిళ్ళ రంగు మారింది.

"మరి కారం?" అని అడిగాను. నా ప్రశ్నకు ఆవిడ నవ్వారు. కారం పుండు చెయ్యదు, పుండు మీద పడితే కొందరికి మండిస్తుంది, అంతే. పొట్ట లోపలి గోడకు జిగురు పూత ఒకటి ఉంటుంది, ఇంటి గోడకు సిమెంటు పూత లాగా. ఈ సూక్ష్మజీవి ఆ పూతలోకి దూరి గోడను వాచేలా చేస్తుంది. నొప్పి మాత్రలు ఆ పూత సరిగ్గా తయారుకాకుండా చేస్తాయి. అన్నం తిని వేసుకున్నా, ఇంజెక్షన్‌గా తీసుకున్నా ఆ ప్రమాదం పోదు, ఎందుకంటే అవి రక్తంలో కలిసి ఆ పని చేస్తాయి. అల్సర్లకు ముఖ్యమైన కారణాలు ఈ రెండే, నా దగ్గర రెండూ ఉన్నాయి. మూడు నెలల చప్పిడి కూడు గుర్తొచ్చి మా అమ్మ వైపు చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఆసుపత్రి మంచం మీద పనేముంటుంది, ఫోనులో ఈ బాక్టీరియా గురించి చదివాను. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని పట్టుకున్నారు. అంత యాసిడ్‌లో ఏ క్రిమీ బతకదని, అల్సర్లు టెన్షన్ వల్ల, తిండి వల్ల వస్తాయని అప్పటిదాకా అందరి నమ్మకం. ఎవరూ నమ్మకపోయేసరికి 1984లో మార్షల్ ఆ బాక్టీరియా కలిపిన ద్రావణాన్ని తనే తాగేశాడు. కొద్ది రోజులకే వాంతులు పట్టుకున్నాయి, ఎండోస్కోపీలో జీర్ణాశయం వాచినట్టు తేలింది. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. నోబెల్ వచ్చి ఇన్నేళ్ళయినా మా యార్డులో నింద మిరపకాయ మీదే ఉంది.

పద్నాలుగు రోజుల కోర్సు రాశారు. అమాక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్ అనే రెండు యాంటీబయాటిక్‌లు, యాసిడ్ తగ్గించే మాత్ర, మూడూ రోజుకు రెండు పూటలా. నోరంతా చేదు, రాగి చెంబు నాకినట్టు. నీళ్ళు కూడా చేదే. ఐదో రోజుకు విరేచనాలు కాస్త పలచబడ్డాయి. పదో రోజుకు నొప్పి పూర్తిగా పోయింది. అక్కడే తప్పు చేశాను. నొప్పి లేదు, కొట్లో పని తలకు మించి ఉంది, రాత్రి మాత్రలు రెండు మూడు సార్లు మర్చిపోయాను. డాక్టరమ్మకు చెప్పలేదు.

రక్తం పెరగడానికి ఐరన్ మాత్రలు కూడా ఇచ్చారు. అవి మొదలైన మూడో రోజు మళ్ళీ నల్లగా అయింది. ప్రాణం జారిపోయి ఫోను చేస్తే, "తారులా జిగురుగా ఉందా, ఉత్త నలుపా? కళ్ళు తిరుగుతున్నాయా?" అని అడిగారు. ఉత్త నలుపే. ఐరన్ వల్ల అలాగే అవుతుందట. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఒక పూట నిద్ర మిగిలేది.

కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి, బాక్టీరియా పోయిందో లేదో చూడాలి. మలపరీక్షైనా, ఊపిరి పరీక్షైనా సరే. ఆ పరీక్షకు రెండు వారాల ముందు గ్యాస్ మాత్ర కూడా ఆపేయాలి, లేకపోతే బాక్టీరియా ఉన్నా లేనట్టు చూపించవచ్చు. ఆ రెండు వారాలూ ఛాతీలో మంట తిరగబెట్టింది. మాత్ర హఠాత్తుగా ఆపితే యాసిడ్ కొన్నాళ్ళు ఎగదన్నుతుందట. యాంటాసిడ్ సిరప్ తాగుతూ నెట్టుకొచ్చాను. జూన్‌లో రిపోర్టు వచ్చింది. పాజిటివ్.

అప్పుడు ఒప్పుకున్నాను, మాత్రలు మర్చిపోయిన సంగతి. ఆవిడ తిట్టలేదు. అదొక్కటే కారణం కాకపోవచ్చన్నారు. జలుబుకూ దగ్గుకూ యాంటీబయాటిక్‌లు మింగేసే మన అలవాటు వల్ల చాలామందిలో ఈ బాక్టీరియా కొన్ని మందులకు లొంగడం మానేసింది. రెండో కోర్సు వేరే మందులతో ఇచ్చారు. బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, యాసిడ్ మాత్ర. నాకు రోజుకు పదమూడు మాత్రలయ్యాయి, మళ్ళీ పద్నాలుగు రోజులు. టెట్రాసైక్లిన్ వేసుకునే వేళకు పాలు, పెరుగు, ఐరన్ దగ్గరికి రాకూడదు. మెట్రోనిడజోల్‌తో మద్యం ముట్టకూడదు, ఆ అలవాటు నాకెలాగూ లేదు. బిస్మత్‌కి నాలుక నల్లగా అయింది. మా మేనల్లుడు చూసి "మామయ్యా, నేరేడుపళ్ళు తిన్నావా?" అన్నాడు. ఈసారి నేను కొట్లో వాడే చీటీల పుస్తకం ఒకటి ఇంటికి తెచ్చాను. తేదీ, పూట, ఎన్ని మాత్రలు అని ఒక్కో చీటీ రాసి చించి మా ఆవిడకు ఇవ్వాలి. చీటీ అందకపోతే అన్నం పెట్టేది కాదు. అలా పద్నాలుగు రోజులకు ఒక్క మాత్ర తప్పలేదు.

ఈ తిరుగుడులో ఇంట్లో వాళ్ళ "గ్యాస్"లు కూడా విడివిడిగా తేలాయి. మా ఆవిడది రిఫ్లక్స్. రాత్రి పదింటికి తిని వెంటనే పడుకుంటే యాసిడ్ అన్నవాహికలోకి ఎగదన్ని ఛాతీలో మంట, నోట్లో పులుపు. ఆవిడకు ఎండోస్కోపీ కూడా చెయ్యలేదు. కొన్ని వారాల మాత్ర ఇచ్చి, పడుకోవడానికి మూడు గంటల ముందే తినమన్నారు. మంచం తలవైపు కాళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టించారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బావమరిదిది ఇంకో కథ. టిఫిన్ తినగానే కడుపు మెలిపెట్టి పరిగెత్తడం, వెళ్ళొస్తే హాయి, పరీక్షలన్నీ నార్మల్. అది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అట. పేగుకు పుండు లేదు, వాపు లేదు, అది మరీ సున్నితంగా ఉంటుందంతే. టెన్షన్ పెరిగితే అదీ పెరుగుతుంది. వాడు ఏడాదిగా వేసుకుంటున్నది నేను వేసుకున్న గ్యాస్ మాత్రే. కొట్లో మా సహ గుమాస్తాకు కుడివైపు డొక్కలో, నూనె వంటలు తిన్నాక నొప్పి, కుడి భుజం దాకా లాగేది. స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్ళు కనపడ్డాయి. ఆయన కూడా సోడాలే తాగేవాడు.

సెప్టెంబర్‌లో రెండో పరీక్ష. రిపోర్టు ఫోనుకు వచ్చింది. నెగటివ్. హిమోగ్లోబిన్ 12.9. కొట్లోంచే ఇంటికి ఫోను చేశాను. మా అమ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి కంచంలో గోంగూర పచ్చడి ఉంది, దాని మీద నంజుకోవడానికి వేయించిన ఎండుమిరపకాయ కూడా.

మోకాలు మాత్రం ఇంకా నొప్పి పెడుతూనే ఉంది. డైక్లోఫెనాక్ ఇక జన్మలో వద్దన్నారు. మరీ పట్టలేనప్పుడు పారాసెటమాల్, రోజూ కాపడం, ఫిజియోథెరపిస్టు నేర్పిన నాలుగు వ్యాయామాలు. వాటిలో రెండు చేస్తున్నాను, రెండు ఎగ్గొడుతున్నాను. మొన్న దసరాకు మా షావుకారు గారు నా స్టూలు తీయించి వీపు ఆనుకునే కుర్చీ ఒకటి వేయించారు. పద్దెనిమిదేళ్ళ తర్వాత. స్టూలును ముఠా మేస్త్రి టీ తాగడానికి వాడుకుంటున్నాడు. కూర్చున్న ప్రతిసారీ నడుం పట్టుకుని లేస్తుంటాడు. నిన్న ఆయన జేబులోంచి స్ట్రిప్పు తీస్తుంటే చెయ్యి పట్టుకుని, "మేస్త్రీ, రాత్రి రెండింటికి మెలకువ వస్తోందా?" అని అడిగాను. "మీకెలా తెలుసు?" అన్నాడు. రేపు పొద్దున ఆయన్ని తీసుకుని వెళ్ళాలి.